అక్టోబరు ఇంకా రాలేదు, అక్టోబరు రసీదు మాత్రం వచ్చింది: యాక్సెస్ ఫారంలో తేదీలు తారుమారు

రసీదుపుస్తకం | 8 జులై 2024, ఉదయం 10:20

సభ్యులందరికీ నమస్కారం. నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. తణుకు దగ్గర ఒక చిన్న గ్రంథాలయ ట్రస్టులో విరాళాల లెక్కలు చూస్తున్నాను. నా పూర్వ విద్యార్థి ఒకరు మైక్రోసాఫ్ట్ యాక్సెస్ 2016లో తయారు చేసి ఇచ్చిన డేటాబేస్‌ను 2023 ఏప్రిల్ నుంచి వాడుతున్నాము. పట్టికలు కార్యాలయంలోని డెస్క్‌టాప్‌లో ఉంటాయి, ఫారాలు ఉన్న ఫైలు మాత్రం ప్రతి కంప్యూటర్‌లోనూ విడిగా ఉంటుంది. ఈ ఏప్రిల్ చివరలో, అమెరికా నుంచి తిరిగి వచ్చిన ఒక దాత తన పాత ల్యాప్‌టాప్‌ను ట్రస్టుకు ఇచ్చారు. అప్పటి నుంచి ఇద్దరు కార్యకర్తలు దాని మీద కూడా రసీదులు ఎక్కిస్తున్నారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో పేరుకుపోయిన పుస్తకాలను మే నెలలో దాని మీదే పూర్తి చేశారు.

నాకు ఎదురైన చిక్కులు ఇవి. కాగితం మీద 05-06-2024 అని ఉన్న ఒక రసీదు ల్యాప్‌టాప్‌లో 5/6/2024 అని సరిగానే కనబడుతోంది, అదే రసీదు డెస్క్‌టాప్‌లో 06-05-2024 అని కనబడుతోంది. ఇక నివేదిక సంగతి. తేదీలను క్యాలెండర్ గుర్తు నొక్కి ఎంచుకుంటాము. జూన్ 1 నుంచి 10 వరకు కావాలని డెస్క్‌టాప్‌లో అడిగితే జనవరి నుంచి ఉన్న రసీదులన్నీ వచ్చి పడుతున్నాయి. జూన్ 13 నుంచి 30 వరకు అడిగితే మాత్రం సక్రమంగా వస్తోంది. ల్యాప్‌టాప్‌లో అడిగితే ఆ పది రోజులవే వస్తున్నాయి గాని, వాటిలో కొన్ని రసీదులు లేవు. పైగా డెస్క్‌టాప్ జాబితా చివర అక్టోబరు 6 తేదీతో ఒక రసీదు కూర్చుని ఉంది. మనం ఇంకా జులైలోనే ఉన్నాము.

డెస్క్‌టాప్ పాతబడి తేదీలను మార్చేస్తోందని అనుమానించి, మదర్‌బోర్డు మీది బటన్ సెల్ కూడా మార్పించాను. ప్రయోజనం లేకపోయింది. ఆడిటరుకు మొదటి త్రైమాసికం లెక్క ఇవ్వవలసి ఉంది. దయచేసి దారి చూపగలరు.

గట్టుమీదరావిచెట్టు | 8 జులై 2024, ఉదయం 10:41

మాస్టారూ, ఇది చాలా తేలిక. ల్యాప్‌టాప్‌లో కంట్రోల్ ప్యానెల్ తెరిచి, రీజియన్ అన్న చోట ఇంగ్లిష్ (యునైటెడ్ స్టేట్స్) అని ఉన్నదాన్ని ఇంగ్లిష్ (ఇండియా) అని మార్చండి. అమెరికాలో నెల ముందు, రోజు తరువాత రాస్తారు. ఐదు నిమిషాల పని.

మూడోవరుస | 8 జులై 2024, ఉదయం 11:30

మాస్టారూ, దయచేసి ఇప్పుడే ఏదీ మార్చకండి. సెట్టింగు మార్చగానే తెర మీద అంకెలు వేరుగా కనబడతాయి, అప్పుడు ఏది తప్పుగా నిల్వ అయిందో, ఏది తప్పుగా కనబడుతోందో విడదీయడం ఇంకా కష్టమవుతుంది. ముందుగా డేటాబేస్ ఫైలుకు ఒక నకలు తీసి పెన్‌డ్రైవ్‌లో దాచండి.

తరువాత చిన్న పరీక్ష ఒకటి చేయండి. యాక్సెస్ తేదీని అక్షరాలుగా దాచదు, 1899 డిసెంబరు 30 నుంచి లెక్కించిన రోజుల సంఖ్యగా దాచుతుంది. 2024 జూన్ 5 అంటే దాని లోపల 45448, 2024 మే 6 అంటే 45418. మీరు చెప్పిన రసీదును చూపే ఒక క్వెరీ (పట్టికను అడిగే ప్రశ్న) రాసి, తేదీ గడిని సీడబుల్ అనే ఫంక్షన్‌లో పెట్టి సంఖ్యగా మార్చి, అదే క్వెరీని రెండు కంప్యూటర్లలోనూ నడిపి చూడండి. రెండు చోట్ల వచ్చిన సంఖ్యలను ఇక్కడ రాయండి.

రసీదుపుస్తకం | 8 జులై 2024, మధ్యాహ్నం 3:05

నకలు తీశాను. క్వెరీ నడిపాను. ఆశ్చర్యంగా రెండు కంప్యూటర్లలోనూ 45418 అనే వచ్చింది. అంటే రెండు చోట్లా ఉన్నది మే 6 అనే కదా? మరి ల్యాప్‌టాప్‌లో 5/6/2024 అని కాగితం మీద ఉన్నట్టే ఎందుకు కనబడుతోంది?

మూడోవరుస | 8 జులై 2024, సాయంత్రం 6:50

ల్యాప్‌టాప్ దృష్టిలో 5/6/2024 అంటే మే 6 కాబట్టి, మాస్టారూ. కార్యకర్త కాగితం చూసి 05-06-2024 అని కొట్టారు, అమెరికా పద్ధతిలో ఉన్న విండోస్ దాన్ని మే 6గా చదివి 45418ని పట్టికలో పెట్టింది, తిరిగి చూపేటప్పుడు అదే పద్ధతిలో 5/6/2024 అని చూపింది. చదవడంలో జరిగిన పొరపాటును చూపడంలో జరిగిన పొరపాటు సరిగ్గా కప్పేసింది. అందువల్ల ఎక్కించిన వారికి అనుమానం వచ్చే అవకాశమే లేదు. మీ డెస్క్‌టాప్ తేదీని మార్చలేదు, ఉన్నది ఉన్నట్టు చూపి నింద మోసింది.

కార్యకర్త 13-06-2024 అని కొట్టి ఉంటే ఏమవుతుందో కూడా చూడండి. పదమూడో నెల లేదు గనుక యాక్సెస్ అడ్డు చెప్పాలి. కాని అది అడ్డు చెప్పదు, "బహుశా రోజు ముందు రాశారేమో" అని తానే ఊహించుకుని జూన్ 13గా నిల్వ చేస్తుంది. అందుకే నెలలో 13 నుంచి చివరి వరకు అన్నీ సక్రమంగా ఉంటాయి, 1 నుంచి 12 లోపలివి మాత్రమే తారుమారవుతాయి. మీ అక్టోబరు 6 రసీదు నిజానికి జూన్ 10 నాటిది. ఈ సాయం చేసే గుణమే నా దృష్టిలో అసలు దోషం. మొదటి నెలలోనే 13వ తేదీన ఒక తప్పు సందేశం వచ్చి ఉంటే మీ కార్యకర్తలు ఆ రోజే మిమ్మల్ని పిలిచి ఉండేవారు.

ఇది మొదటి లోపం. రెండో లోపం డెస్క్‌టాప్‌కు సంబంధించినది, దానికీ ల్యాప్‌టాప్‌కూ ఏ సంబంధమూ లేదు. మీ పూర్వ విద్యార్థి నివేదిక ఫారంలో ఎంచుకున్న తేదీని రెండు హాష్ గుర్తుల (#) మధ్య అతికించి షరతు వాక్యం తయారు చేసి ఉంటారని ఊహిస్తున్నాను. తేదీని అలా వాక్యంలో అతికించినప్పుడు అది ఆ కంప్యూటర్ ప్రాంతీయ పద్ధతిలో అక్షరాలుగా మారుతుంది. మీ డెస్క్‌టాప్‌లో జూన్ 1 అంటే #01-06-2024# అవుతుంది. కాని యాక్సెస్ ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నించే భాష) వాక్యంలో హాష్ గుర్తుల మధ్య ఉన్న తేదీని విండోస్ ఏ దేశపు పద్ధతిలో ఉన్నా అమెరికా క్రమంలోనే, అంటే నెల, రోజు, సంవత్సరం అనే చదువుతుంది. కాబట్టి మీ ప్రశ్న జనవరి 6 నుంచి అక్టోబరు 6 వరకు అన్న ప్రశ్నగా మారింది. జూన్ 13 అన్నప్పుడు మళ్ళీ అదే ఊహ పనిచేసి సరైన జవాబు వచ్చింది. ల్యాప్‌టాప్‌లో క్యాలెండర్ నుంచి జూన్ 1ని ఎంచుకుంటే 6/1/2024 అవుతుంది, అది అమెరికా క్రమానికి సరిపోతుంది గనుక ప్రశ్న సరిగా వెళుతుంది. కొన్ని రసీదులు లేకపోవడానికి కారణం అవి మొదటి లోపం వల్ల వేరే నెలలకు వెళ్ళిపోవడం.

స్థూలంగా మీ ల్యాప్‌టాప్ తప్పుగా రాసుకుని సరిగా అడుగుతోంది, డెస్క్‌టాప్ సరిగా రాసుకుని తప్పుగా అడుగుతోంది.

లెక్కలమేడం | 8 జులై 2024, రాత్రి 9:10

నేను ఆడిట్ పని చేసేదాన్ని. ప్రోగ్రామింగ్ రాదు గాని ఈ చర్చలో ఒక సంగతి నన్ను కలవరపెడుతోంది. మాస్టారూ, డెస్క్‌టాప్ నివేదికలో లోపం మొదటి నుంచీ ఉన్నదైతే, గత ఆర్థిక సంవత్సరపు నివేదిక ఎలా సరిపోయింది? 01-04-2023 నుంచి 31-03-2024 వరకు అడిగి ఉంటారు కదా. మూడోవరుస గారి మాట ప్రకారం అది 2023 జనవరి 4 నుంచి 2024 మార్చి 31 వరకు అయి ఉండాలి. మీ డేటాబేస్ 2023 ఏప్రిల్‌లో మొదలైంది గనుక అంతకు ముందు రసీదులే లేవు. అంటే తప్పు ప్రశ్నకు సరైన జవాబు వచ్చింది. ఈ సంవత్సరం అదే ప్రశ్న వేస్తే గత సంవత్సరపు జనవరి, ఫిబ్రవరి, మార్చి వసూళ్ళు ఈ సంవత్సరంలో కలిసిపోతాయి.

ఇంకొకటి దీనికన్నా ముఖ్యమైనది. మీ ట్రస్టుకు 80జీ (దాతలకు పన్ను మినహాయింపు ఇచ్చే గుర్తింపు) ఉంటే, గత సంవత్సరపు విరాళాల వివరాలతో ఫారం 10బీడీని మే 31 లోగా ఆదాయపు పన్ను శాఖకు దాఖలు చేసి, దాతలకు 10బీఈ ధ్రువపత్రాలు ఇచ్చి ఉంటారు. మార్చి, ఏప్రిల్ పుస్తకాలను మే నెలలో ల్యాప్‌టాప్ మీద ఎక్కించామని మీరే రాశారు. 03-04-2024, అంటే ఏప్రిల్ 3 నాటి రసీదు మార్చి 4గా నమోదై గత సంవత్సరంలోకి వెళ్ళి ఉంటుంది. 04-03-2024 నాటిది ఏప్రిల్ 3 అయి గత సంవత్సరం నుంచి జారిపోయి ఉంటుంది. నెల మారితే మనకు చికాకు, ఆర్థిక సంవత్సరం మారితే దాతకు పన్ను మినహాయింపులో తేడా. ముందు ఆ రెండు నెలల రసీదులు చూడండి. సవరణ స్టేట్‌మెంటు దాఖలు చేసే వీలుంది, కంగారు పడనవసరం లేదు.

రసీదుపుస్తకం | 9 జులై 2024, ఉదయం 7:15

80జీ ఉంది మేడం గారూ. మీ సందేశం చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. నివేదిక ఫారం వెనుక ఉన్న కోడ్ తెరిచి చూశాను, మూడోవరుస గారు ఊహించినట్టే హాష్ గుర్తుల మధ్య తేదీ గడి పేరు అతికించి ఉంది.

గట్టుమీదరావిచెట్టు | 9 జులై 2024, ఉదయం 9:00

నా సలహా తొందరపాటుతో ఇచ్చినదే, ఒప్పుకుంటున్నాను. ల్యాప్‌టాప్‌ను ఇండియా పద్ధతికి మార్చి ఉంటే ఇకపై ఎక్కించేవి సరిగా ఉండేవి గాని, నివేదికలు రెండు కంప్యూటర్లలోనూ తప్పుగా వచ్చేవి. అయితే అన్ని కంప్యూటర్లనూ ఒకే పద్ధతిలో ఉంచడం అవసరమే కదా? దాన్ని పూర్తిగా వద్దంటున్నారా?

మూడోవరుస | 9 జులై 2024, ఉదయం 11:45

వద్దనడం లేదు. ఉంచండి, కాని దాని మీద ఆధారపడకండి. విండోస్ మళ్ళీ ఎక్కించిన రోజున, లేదా ఇంకొక దాత ఇంకొక ల్యాప్‌టాప్ ఇచ్చిన రోజున ఆ రక్షణ పోతుంది. పైగా ఆ సెట్టింగు వాడుకరి ఖాతాకు సంబంధించినది, ఒకే కంప్యూటర్‌లో ఇద్దరికి రెండు విధాలుగా ఉండవచ్చు. లోపాన్ని ఫారంలోనే సరిదిద్దాలి.

నివేదిక వైపు పని చిన్నది. తేదీ గడిని నేరుగా అతికించకుండా ఫార్మాట్ ఫంక్షన్ ద్వారా నాలుగంకెల సంవత్సరం, హైఫన్, రెండంకెల నెల, హైఫన్, రెండంకెల రోజు అన్న నమూనాలోకి మార్చి, దాన్ని హాష్ గుర్తుల మధ్య పెట్టండి. #2024-06-01# అని రాస్తే యాక్సెస్‌కు సందేహం ఉండదు. చాలా చోట్ల అమెరికా క్రమంలోనే ఏటవాలు గీతతో రాయమని చెబుతారు. అదీ పనిచేస్తుంది, కాని అందులో ఒక గుంట ఉంది. ఫార్మాట్ నమూనాలో ఏటవాలు గీత అంటే ఆ గీతే అని అర్థం కాదు, ఆ కంప్యూటర్‌లో తేదీని విడదీసే గుర్తు ఏదైతే అది అని అర్థం. గీతే కావాలంటే దాని ముందు వెనక్కి వాలిన గీత పెట్టాలి. హైఫన్‌కు ఈ బెడద లేదు. అదే షరతును డీలుకప్‌లో (పట్టికలో విలువను వెతికే ఫంక్షన్), ఫారం ఫిల్టర్‌లో, నివేదిక తెరిచే ఆదేశంలో ఎక్కడ వాడినా ఇదే నియమం. ఓపిక ఉంటే తేదీ రకంతో ప్రకటించిన పరామితులున్న (నడిపేటప్పుడు విలువ అందుకునే) క్వెరీ రాయండి. అందులో తేదీ అక్షరాలుగా మారదు, 45444 అనే సంఖ్య సంఖ్యగానే వెళుతుంది గనుక ఏ దేశపు క్రమమూ అడ్డురాదు.

ఎక్కించే వైపు కాస్త ఆలోచించాలి. గడికి ఫార్మాట్ గుణంలో రోజు, నెల పేరు, సంవత్సరం అని పెడితే 06-మే-2024 అన్నట్టు చూపుతుంది. ఇది చదవడాన్ని మార్చదు, చూపడాన్ని మాత్రమే మారుస్తుంది. అయినా అదే సగం మందు. కార్యకర్త 05-06-2024 అని కొట్టి పక్క గడిలోకి వెళ్ళగానే నెల పేరు మే అని కనబడితే చెయ్యి ఆగుతుంది. మిగతా సగం కావాలంటే రోజు, నెల, సంవత్సరాలకు మూడు విడి గడులు పెట్టండి. నెలకు పేర్లున్న జాబితా ఇవ్వండి. మూడింటినీ డేట్‌సీరియల్ ఫంక్షన్‌తో కలిపి తేదీ చేయండి, దానికి ప్రాంతీయ పద్ధతితో పని లేదు. అయితే ఇది కూడా మొహమాటం ఎక్కువైన ఫంక్షనే. 2024 ఫిబ్రవరి 30 ఇస్తే తప్పు అనదు, మార్చి 1 ఇస్తుంది. కాబట్టి వచ్చిన తేదీలోని రోజు, నెల మీరు ఇచ్చినవేనా అని పోల్చి, కాకపోతే నిల్వ కావడానికి ముందు నడిచే బిఫోర్ అప్‌డేట్ ఘటనలో ఆపేయాలి. రేపటి తేదీ ఉన్న రసీదును కూడా అక్కడే ఆపండి, మీ అక్టోబరు రసీదు ఆ ఒక్క నిబంధనతోనే గడప దగ్గర ఆగిపోయేది.

అక్షరాలను తేదీగా మార్చే సీడేట్, డేట్‌వాల్యూ ఫంక్షన్లను మాత్రం నమ్మకండి. అవి ప్రాంతీయ పద్ధతినే అనుసరిస్తాయి, కుదరకపోతే తిరగేసి చదువుతాయి.

సర్వర్‌గది | 9 జులై 2024, మధ్యాహ్నం 2:20

హైదరాబాదులో డేటాబేస్ నిర్వహణ చేసేవాడిని. సంవత్సరం ముందు రాస్తే అన్ని చోట్లా క్షేమం అన్న నమ్మకం నాకూ ఉండేది. ఒకసారి మైక్రోసాఫ్ట్ వారి మరో డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అది వమ్మైంది. అందులో పాత డేట్‌టైమ్ రకపు గడి ఉండి, లాగిన్ భాష బ్రిటిష్ ఇంగ్లిష్ అయితే, 2024-06-05 అన్న అక్షరాలను సంవత్సరం, రోజు, నెల అన్న క్రమంలో చదివి మే 6 చేస్తుంది. కొత్త డేట్ రకంలోనూ, డేట్‌టైమ్2 రకంలోనూ ఈ సమస్య లేదు. పాత రకంలో భాషతో సంబంధం లేకుండా సరిగా చదివించాలంటే హైఫన్లు లేకుండా 20240605 అని ఇవ్వాలి. మా దగ్గర పరీక్షా సర్వర్‌లో లాగిన్ అమెరికన్, అసలు సర్వర్‌లో బ్రిటిష్. పరీక్షలో అన్నీ నెగ్గాయి. ఆ వారం సంగతి ఇక్కడ వద్దు.

పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ ఈ విషయంలో కఠినంగా ఉంటుంది. తేదీ క్రమాన్ని నిర్ణయించే దాని డేట్‌స్టైల్ నెల ముందు అన్న అమరికలో ఉన్నప్పుడు 13/06/2024 అని ఇస్తే ఊహించుకోదు, పరిధి దాటిందని చెప్పి, డేట్‌స్టైల్ అమరిక వేరేది కావాలేమో చూసుకోమని సూచించి వెనక్కి పంపుతుంది. మూడోవరుస గారు కోరుకున్న ప్రవర్తన ఇదే. అయినా 05/06/2024 ఇస్తే అది కూడా మారు మాట్లాడకుండా తీసుకుంటుంది, ఎందుకంటే ఆ అంకెల్లో తప్పేమీ లేదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో అయితే మన రోజు-నెల క్రమపు అక్షరాలను నేరుగా ఇవ్వకుండా, స్ట్ర్-టు-డేట్ ఫంక్షన్‌కు నమూనాతో సహా ఇవ్వడం మేలు.

మన దేశంలో కూడా సంవత్సరం, నెల, రోజు క్రమానికి ప్రమాణం ఉంది. తేదీల అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 8601ను బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ ఐఎస్ 7900గా స్వీకరించింది. ఆ క్రమంలో రసీదు రాసే కొట్టును మాత్రం నేను ఇంతవరకు చూడలేదు.

రసీదుపుస్తకం | 9 జులై 2024, సాయంత్రం 5:30

నివేదిక కోడ్ మార్చాను. జూన్ 1 నుంచి 10 వరకు ఇప్పుడు రెండు కంప్యూటర్లలోనూ ఒకే జాబితా వస్తోంది. నా మనవరాలి సాయంతో మూడు గడుల ఫారం కూడా తయారవుతోంది.

ఇక పాత రసీదుల సంగతి చెప్పండి. ఏప్రిల్ చివర నుంచి సుమారు తొమ్మిది వందలు ఎక్కించారు. ఏ రసీదు ఏ కంప్యూటర్‌లో ఎక్కించారో నమోదు కాలేదు. అన్నింటినీ తిరగేస్తే డెస్క్‌టాప్‌లో ఎక్కించినవి పాడవుతాయి. ఏం చేయాలి?

మూడోవరుస | 9 జులై 2024, రాత్రి 8:40

ముందు అనుమానితుల సంఖ్య తగ్గిద్దాం. రోజు 12 దాటినవి ఎలాగూ సరైనవే. రోజూ నెలా ఒకటే అయిన 04-04, 05-05, 06-06 తేదీలు తిరగేసినా అవే. సంవత్సరంలో అనుమానించదగ్గవి 12 పెట్టు 12, అంటే 144 తేదీల్లో నుంచి ఆ 12 తీసేస్తే 132 మాత్రమే. ఈ లీపు సంవత్సరంలో మిగిలిన 234 రోజుల రసీదులను ముట్టుకోనక్కరలేదు.

పట్టికలో రెండు కొత్త గడులు చేర్చండి. ఒకదానిలో ఇప్పుడున్న తేదీని యథాతథంగా దాచండి, రెండోదానిలో రోజు, నెల తిరగేసిన తేదీని డేట్‌సీరియల్‌తో కట్టండి. తరువాత ప్రతి రసీదు పుస్తకాన్ని విడిగా తీసుకుని, సంఖ్యల వరుసలో పేర్చండి. ఒకే పుస్తకంలో రసీదు సంఖ్య పెరిగే కొద్దీ తేదీ వెనక్కి వెళ్ళకూడదు. రోజు 12 దాటిన రసీదులను గుంజల్లా పాతుకోండి. మే 31, జూన్ 14 అన్న రెండు గుంజల మధ్య మే 6 కనబడితే అది ఇమడదు, తిరగేసిన జూన్ 5 ఇముడుతుంది. అప్పుడు మార్చవచ్చు. పక్కనున్న రసీదుతో పోల్చకండి, అది కూడా తారుమారైనదే కావచ్చు, గుంజలతోనే పోల్చండి. ఎక్కించిన సమయాన్ని దానంతట అదే నమోదు చేసే గడి పట్టికలో ఉంటే ఇంకా మంచిది. అది గడియారం నుంచి వస్తుంది గనుక తారుమారు కాదు, రసీదు తేదీ దాన్ని దాటకూడదు.

ఈ షరతులతో ఒక్క అప్‌డేట్ క్వెరీ రాస్తే పది సెకన్ల పని.

లెక్కలమేడం | 9 జులై 2024, రాత్రి 9:25

మూడోవరుస గారి పద్ధతి నాకు నచ్చింది, కాని ఆ పది సెకన్ల మాట మాత్రం ఒప్పుకోలేను. గుంజలు దూరంగా ఉన్న పుస్తకంలో ఏం చేస్తారు? ఒక పుస్తకం ఏప్రిల్ 28న మొదలై జూన్ 20న ముగిసి, మధ్యలో గుంజలు లేకపోతే, మే 6 కూడా ఇముడుతుంది, జూన్ 5 కూడా ఇముడుతుంది. ఏది నిజమో క్వెరీ చెప్పలేదు. దానికి మించిన మాట ఒకటి ఉంది. రసీదు కౌంటర్‌ఫాయిల్ మాస్టారి బీరువాలో ఉండగా మనం ఊహలెందుకు చేయాలి? లెక్కల్లో తేదీ మార్చడానికి ఆధారం కాగితమే. "రెండు తేదీల మధ్య ఇమిడింది కాబట్టి మార్చాము" అని నేను ఏ ఆడిట్ నోట్‌లోనూ రాయలేను.

క్వెరీని జాబితా తయారు చేయడానికి వాడండి, తిరగేసే అవకాశం ఉన్న రసీదులను పుస్తకాల వారీగా ముద్రించండి. ఒకరు కౌంటర్‌ఫాయిల్ చూసి తేదీని నెల పేరుతో పైకి చదవాలి, ఇంకొకరు జాబితాలో గుర్తు పెట్టాలి. అంకెలతో చదివితే చెవి కూడా అదే పొరపాటు చేస్తుంది. చెక్కులు, యూపీఐ ద్వారా వచ్చిన విరాళాలకు బ్యాంకు స్టేట్‌మెంట్ మరో సాక్ష్యం.

మూడోవరుస | 9 జులై 2024, రాత్రి 9:50

మేడం గారి మాటే సరైనది. కాగితం లేని లోకంలో పనిచేసి అలవాటైపోయి, బీరువా ఉంటుందన్న సంగతే మరిచాను. తొమ్మిది వందల్లో మూడింట ఒక వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే జాబితాకు వస్తాయి. రెండు సాయంత్రాల పని. పాత తేదీని దాచిన గడిని మాత్రం తీసేయకండి.

డల్లాస్‌తెలుగు | 10 జులై 2024, ఉదయం 6:10

ఆ ల్యాప్‌టాప్ నాది కాదని ముందుగా మనవి చేస్తున్నాను. ఇక్కడికి వచ్చి ఇన్నేళ్ళైనా పాలప్యాకెట్ మీద తేదీని రెండుసార్లు చదువుకునేవాళ్ళలో నేనొకణ్ణి.

మాస్టారి డేటాబేస్ ఎప్పటికైనా వెబ్ ఫారంగా మారుతుంది కాబట్టి ఒక మాట చెబుతాను. బ్రౌజర్‌లో తేదీ రకపు గడి పెడితే, అది చూసేవారి పద్ధతిలో చూపినా, సర్వర్‌కు మాత్రం ఎప్పుడూ సంవత్సరం, నెల, రోజు క్రమంలోనే పంపుతుంది. క్రమం చిక్కు అక్కడ తీరినట్టే. కాని బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ భాషలో మరొకటి కాచుకుని ఉంటుంది. భారతదేశంలో జూన్ 5 అర్ధరాత్రి సున్నా గంటలకు తయారైన తేదీని ఐఎస్‌ఓ అక్షరాలుగా మార్చే ఫంక్షన్‌కు ఇస్తే, అది అంతర్జాతీయ సమయంలోకి వెళ్ళి జూన్ 4, 18:30 అవుతుంది. అందులో మొదటి పది అక్షరాలు కత్తిరించి నిల్వ చేస్తే ప్రతి రసీదూ ఒక రోజు వెనక్కి పోతుంది. ఇక్కడ దీనికి ఎదురు జరుగుతుంది. 2024-06-05 అన్న అక్షరాలను తేదీగా మార్చి తెర మీద చూపితే డల్లాస్‌లో జూన్ 4 కనబడుతుంది, ఎందుకంటే సమయం లేని ఆ అక్షరాలను జావాస్క్రిప్ట్ అంతర్జాతీయ సమయపు అర్ధరాత్రిగా తీసుకుంటుంది. విరాళం తేదీకి గంటలతో పని లేదు. దాన్ని సమయంగా మార్చకుండా, గడి ఇచ్చిన పది అక్షరాలనే తేదీ రకపు గడిలోకి పంపించండి.

గట్టుమీదరావిచెట్టు | 10 జులై 2024, ఉదయం 9:30

ఒక అనుబంధ ప్రశ్న. మా సంఘంలో శాశ్వత సభ్యుల పుట్టిన తేదీలను సంవత్సరానికి రెండంకెలతో ఎక్కిస్తున్నాము. 1928లో పుట్టిన ఒక పెద్దాయన జాబితాలో 2028లో పుట్టబోతున్నారు. ఇదీ ఈ కోవలోదేనా?

మూడోవరుస | 10 జులై 2024, ఉదయం 10:05

కోవ అదే, కారణం వేరు. యాక్సెస్ సాధారణంగా 00 నుంచి 29 వరకు ఉన్న రెండంకెలను 2000ల్లోనూ, 30 నుంచి 99 వరకు ఉన్నవాటిని 1900ల్లోనూ వేసుకుంటుంది. నాలుగంకెలు తప్పనిసరి చేయండి. పుట్టిన తేదీ ఈ రోజును దాటకూడదన్న నిబంధన కూడా పెట్టండి. 1920లో పుట్టినవారిని ఆ నిబంధన పట్టుకోలేదు, వారు నాలుగేళ్ళ పిల్లలుగా మిగిలిపోతారు. కాబట్టి నాలుగంకెలే మందు.

రసీదుపుస్తకం | 13 జులై 2024, రాత్రి 8:15

సభ్యులకు కృతజ్ఞతలు. మూడు సాయంత్రాలు పట్టింది. మా కార్యకర్త చదువుతుంటే నేను గుర్తులు పెట్టాను. మేడం గారు చెప్పినట్టు మార్చి, ఏప్రిల్ పుస్తకాలతో మొదలుపెట్టాము. అటు వారు ఇటు, ఇటు వారు అటు అయిన రసీదులు నిజంగానే దొరికాయి. సవరణ స్టేట్‌మెంటు గురించి మా ఆడిటరు గారితో మాట్లాడాను. ఆ దాతలకు కొత్త ధ్రువపత్రాలు పంపుతామని ఫోన్ చేసి చెప్పాము.

ఒక పుస్తకం కౌంటర్‌ఫాయిల్ మాత్రం గత వానకు తడిసి సగం పేజీల్లో సిరా కారిపోయింది. దానికి మూడోవరుస గారి గుంజల పద్ధతి వాడి, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూశాము. నగదు ఇచ్చిన ఇద్దరి రసీదులు ఇంకా తేలలేదు, రెండు తేదీలూ ఇముడుతున్నాయి. వాటిని మార్చకుండా అలాగే ఉంచి, పక్కన గమనిక రాశాను. వారిలో ఒకరు తమ ప్రతిని వెతికి ఫోటో పంపుతామన్నారు, రెండో వారి ఊరికి ఆదివారం నేనే వెళుతున్నాను.

కొత్త ఫారం నిన్నటి నుంచి రెండు కంప్యూటర్లలోనూ నడుస్తోంది. నెల పేర్లను నా మనవరాలు తెలుగులో పెట్టింది.